ఎండ లేని పూట మోగిన గంట

"దొంగతనం చేసినవా అని నేను అడుగుత లేనన్నా. ఏం మర్చిపోయినవు అని అడుగుతున్న."

యోహాను తలెత్తి చూశాడు. స్టేషన్ వరండాలో అతను కూర్చున్న బల్ల మీద అన్నం డబ్బా ఉంది. దాని మూత ఇంకా తీయలేదు. మూడు రోజులుగా పోలీసులు అతన్ని పొద్దున పిలిపించి సాయంత్రం పంపిస్తున్నారు. అడిగినవాళ్ళంతా ఎవరికి అమ్మావు, ఎక్కడ దాచావు అనే అడిగారు. మరుపు గురించి అడిగింది సుధ ఒక్కతే.

సుధది జగిత్యాల. బస్టాండ్ ఎదురుగా జిరాక్సు దుకాణం మేడ మీద ఒక గది, ఒక టేబులు, రెండు కుర్చీలు. అదే ఆమె డిటెక్టివ్ ఆఫీసు. ఆమె దగ్గరికి వచ్చే కేసుల్లో ముప్పాతిక వంతు గల్ఫువే. వీసా ఇప్పిస్తానని మాయమైన ఏజెంటు, అక్కడికి పోయాక ఫోను ఎత్తని కొడుకు, ఉన్నాడో లేడో తెలియని మొగుడు. ఆమె భర్త రంజిత్ కూడా ఒకప్పుడు మస్కట్ విమానం ఎక్కబోతూ "చేరినంక ఫోన్ చేస్త" అన్నాడు. ఆ ఫోను రాలేదు. అతన్ని వెతకబోయి ఆమె వెతకడం నేర్చుకుంది. అతను దొరకలేదు గానీ, వేరేవాళ్ళ మనుషులు చాలామంది దొరికారు. అప్పటినుంచి ఎవరు ఎక్కడికి బయలుదేరినా, చేరాక ఫోన్ చెయ్యమని చెప్పకుండా ఆమె పంపదు. నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఆ ఫోను వచ్చేదాకా ఆమెకు ముద్ద దిగదు.

అలా దొరికినవాళ్ళలో యోహాను ఒకడు. సౌదీలో ఒంటెల దొడ్డి దగ్గర చిక్కుకుపోయిన మనిషిని వెతికించి, ఇంటికి తెప్పించి, భార్య ముత్తవ్వకు అప్పజెప్పింది సుధే. అలా తెచ్చిన మనిషి మళ్ళీ ఇల్లు వదిలి జైలుకు పోతాడంటే ఆమె ఊరుకోలేకపోయింది.

కేసు ఇది. ఉగాది వారంలో ఎక్కడో మూతపడ్డ కార్ఖానా నుంచి ఒక లారీ తుక్కు కోరుట్ల అవతలి ఇనుప ఫర్నేసుకు వచ్చింది. అందులో పొరపాటున ఒక పరికరం కలిసిపోయింది. పెద్ద ధాన్యపు గుమ్ముల్లాంటి తొట్లలో సున్నం ఎంతదాకా నిండిందో బయటినుంచే కనిపెట్టడానికి కార్ఖానాల్లో వాడతారు. పైన ఇనుము, లోపల సీసం, సీసం నడుమ వేలెడంత కూడా లేని గొట్టం. ఆ గొట్టంలోని పదార్థం కంటికి కనపడని కిరణాలు చిమ్ముతుంది. సీసంలో ఉన్నంతసేపు ఫరవాలేదు. బయటపడితే పక్కనున్న మనిషిని లోలోపలే కాల్చేస్తుంది. ఈ సంగతి కార్ఖానావాళ్ళు ఆలస్యంగా గుర్తించి ఉత్తరం రాసేసరికి పరికరం ఫర్నేసులో లేదు. కరిగిన ఇనుమును పరీక్షిస్తే అందులోనూ లేదు. అంటే ఎవరో తీసుకుపోయారు.

అనుమానం గేటు కాపలాదారు యోహాను మీదికి మళ్ళింది. అనుమానానికి సాక్షి మనిషి కాదు, యంత్రం.

గేటు దగ్గర స్తంభానికి ఒక రేడియేషన్ డిటెక్టర్ ఉంది. తుక్కులో అలాంటి వస్తువేదైనా వస్తే, పోతే గంట మోగాలి. ఉగాది తర్వాత అది దాదాపు రోజూ ఎండపూట మోగింది. లారీలు ఆపి వెతికితే ఏమీ దొరికేది కాదు. యంత్రం పెట్టిన ఇంజినీరు దివాకర్ వచ్చి చూసి, ఎండకూ కొలిమి వేడికీ యంత్రం తప్పు లెక్క చూపుతున్నదని తేల్చాడు. కానీ గుడ్ ఫ్రైడే నాడు మాత్రం తెల్లవారుతుండగానే మోగింది. అప్పుడు ఎండ లేదు. కాబట్టి ఆ ఒక్క గంట నిజమైనది, గొట్టం గేటు దాటింది ఆ పూటే అన్నాడు దివాకర్. ఆ పూట గేటు దగ్గర యోహాను లేడు. సెలవు పెట్టాడు. గంట మోగే పూట కావాలనే తప్పుకున్నాడని ఫర్నేసు సేటు ఫిర్యాదు రాసిచ్చాడు.

"గుడ్ ఫ్రైడే నాడు చర్చికి పోకుంటె ఎప్పుడు పోతమమ్మా?" అన్నాడు యోహాను. ఆ మాట మూడు రోజుల్లో చాలాసార్లు చెప్పి ఉంటాడు. గొంతులో కోపం కూడా మిగల్లేదు.

ఎస్సై జలపతి టేబులు దగ్గరినుంచి అంతా వింటున్నాడు. మంచివాడే. కానీ పైనుంచి ఫోన్లు వస్తున్నాయి. సాయంత్రందాకా చూస్తానని, ఆ తర్వాత కేసు రాయక తప్పదని సుధకు ముందే చెప్పాడు. గొట్టం ఫోటో కూడా అతనే ఇచ్చాడు. సుధ దాన్ని యోహాను ముందు పెట్టింది. పెన్సిలు ముక్కలా తళతళలాడే గొట్టం. అలాంటిది తన జన్మలో చూడలేదన్నాడు. అతని కళ్ళలో సుధకు అబద్ధం కనిపించలేదు.

అప్పుడు ఆమె గొట్టం సంగతి పక్కన పెట్టి, గేటు దగ్గర పొద్దున్నుంచి ఏమేం చేస్తావో వరసగా చెప్పమంది. యోహాను చెప్పుకొచ్చాడు. తెల్లవారకముందే పోయి గేటు తాళం తీస్తాడు. కరెంటు వచ్చే పూట చూసుకుని బోరు మోటరు వేస్తాడు. తాగేనీళ్ళ కోసం గేటు దగ్గర పెట్టిన పెద్ద మట్టి కుండ రంజన్‌ను కడిగి అంచుదాకా నీళ్ళు నింపుతాడు. లారీలు ఆపుతాడు, వదులుతాడు. మధ్యాహ్నానికి డ్రైవర్లు, కూలీలు కలిసి రంజన్ అడుగంటిస్తారు. మళ్ళీ కరెంటు వచ్చేది పొద్దు గూకినాకే. అప్పుడు రాత్రిపూట వాళ్ళకోసం ఇంకోసారి నింపి ఇంటికి పోతాడు.

ఆ రంజన్ గురించి చెప్పేటప్పుడే అతని ముఖం కాస్త తేటపడింది. ఫర్నేసులో ఎవరూ అడగలేదట, తనే పెట్టాడట. సౌదీలో ఒకనాడు నీళ్ళబండి రాక, ఒంటెల తొట్టిలో నాచు పక్కకు జరిపి తాగాడట. తన గేటు ముందు నిలబడ్డ మనిషి దూపతో పోకూడదని ఆనాడే అనుకున్నాడట. రెండు రంజన్లు పగిలాక గానీ దానికి సరైన పీట కుదరలేదట. పోలీసులు పిలిపిస్తున్నా నిన్న పొద్దుటిదాకా దాన్ని తనే నింపి వచ్చాడట.

"ముత్తవ్వక్క ఎట్లున్నది?" అని అడిగింది సుధ.

"సిరిసిల్లకు పంపిన. బిడ్డ సౌమ్య దగ్గర ఉంటది. నన్ను తీస్కపోయేటప్పుడు ఆమె సూడొద్దు." యోహాను చూపు రోడ్డు వైపు తిప్పాడు. "సౌదీ పోయేనాడు బస్సెన్క ఉరికింది. ఆ ఉరుకుడు ఇంక కండ్లల్లనే ఉన్నది."

సుధకు ముత్తవ్వ సిరిసిల్ల చేరిన సంగతి తెలుసు. నిన్న సందెవేళ ఫోను వచ్చింది. చేరానని, మనవరాలు తనను చూసి నవ్విందని, తెచ్చిన సామాన్లు సర్దుకుంటున్నానని చెప్పింది. వెనకనుంచి తొట్టెల తాడు కిర్రుకిర్రుమంటూ వినిపించింది. ఆ చప్పుడు వింటూ సుధ నిన్న కడుపునిండా తిన్నది.

లేచేముందు అన్నం డబ్బా మూత తీసి యోహాను ముందుకు జరిపింది.

"తినన్నా. నేను ఫర్నేసు కాడికి పోయొస్త. చేరినంక ఫోన్ చేస్త."

యోహాను మొదటిసారి నవ్వాడు. "స్టేషన్ల ఉన్నోనికి ఎవలన్న ఫోన్ చేస్తరా?"

"జలపతి సారుకు చేస్త. నీకు చెప్తడు."

*

గేటు పక్కన ఇనుప స్తంభం. స్తంభం పైన బూడిద రంగు డబ్బా. అదే డిటెక్టర్. డబ్బాకు ఎండ తగలకుండా వెడల్పాటి రేకు పందిరి వేయించాడు దివాకర్. ఫర్నేసు ఆవరణ మొత్తంలో నీడ అంటే అదొక్కటే. యంత్రం కోసం వేసిన ఆ నీడలోనే, సరిగ్గా డబ్బా కిందనే యోహాను రంజన్ పెట్టి, దాని పక్కన కుర్చీ వేసుకునేవాడు. ఇప్పుడు కుర్చీ లేదు. రంజన్ లేదు. నేల మీద చెమ్మ ఆరిన మరక ఒకటి, దాని నడుమ తుప్పు రంగులో చతురస్రంగా ఒక అచ్చు మిగిలాయి. సుధ ఆ అచ్చు పక్కన గొంతుకూర్చుని చేత్తో తడిమింది. బరువైనదేదో చాలాకాలం ఆనినట్టు నేల గట్టిగా దిగి ఉంది.

ఆవరణ ఊడ్చే కొమురవ్వ చీపురు పట్టుకుని దగ్గరికి వచ్చింది. యోహాను సామాన్లు తీసేయమని సేటు అంటే, నిన్న మిట్టమధ్యాహ్నం ముత్తవ్వ వచ్చి అన్నీ తీసుకుపోయిందని చెప్పింది. బట్ట తేవడానికి సిరిసిల్లకు ఖాళీగా పోతున్న ట్రాలీ ఆటో దొరికిందట. ముత్తవ్వ ఏడవలేదని, ఆమె ఏడవకపోతే తనకే ఏడుపొచ్చిందని కొమురవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మేడమ్, అక్కడ ఏం దొరకదు. మొత్తం నేను మీటర్ పట్టుకుని తిరిగిన."

దివాకర్ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చాడు. అతనిది బుగ్గారం. చదువుకుని హైదరాబాదులో స్థిరపడ్డవాడు. కళ్ళ కింద నలుపు, మాసిన చొక్కా. ఈ యంత్రం అతని రెండేళ్ళ కష్టం. దుమ్ము, పొగ, నిప్పుల వేడి ఉన్నచోట కూడా తప్పులేకుండా పనిచేసే డిటెక్టర్ చేయాలని పట్టుబట్టి కూర్చున్నాడు. చల్లటి గదిలో అన్నీ పనిచేస్తాయి, ఇలాంటి చోట పనిచేసిందే అసలైన యంత్రం అని సుధకు పరిచయమైన రోజే చెప్పాడు. అతని మీద సుధకు కోపం లేదు. అతను యోహానును దొంగ అనడం మీదే కోపం.

"ఎప్పుడు తిరిగిండ్రు?"

"మూడు రోజుల కింద. పొద్దున్నే. తుక్కు కుప్పలు, కొలిమి, గుడిసెలు, గేటు. అంతా నార్మల్."

"మద్యాన్నం ఎందుకు తిరగలే?"

"ఎండల మీటర్లు తప్పు చూపిస్తయి. అందుకే పొద్దున." అతను విసుగ్గా నవ్వాడు. "మీరు దుబాయి పోయిన మొగుళ్ళను ఎతికేటోళ్ళు మేడమ్. గిది ఫిజిక్స్."

కొమురవ్వ చీపురు ఆగిపోయింది. సుధ మాత్రం ఆ మాటను చీర మీద పడ్డ దుమ్ములా దులిపేసుకుంది.

"నిజమే సారు. నాకు ఫిజిక్స్ రాదు. కని మనిషి ఎప్పుడు పోయిండో తెలిస్తే ఎటు పోయిండో దొరుకుతదని తెలుసు. మీ గీతలు సూపెట్టుండ్రి."

దివాకర్ ఆఫీసు గదిలోంచి కుర్చీ తెచ్చుకుని ల్యాప్‌టాప్ తెరిచాడు. యంత్రం పట్టుకున్న లెక్క తెర మీద కొండలూ లోయల్లా ఉంది. అతను విడమరిచి చెప్పాడు. డబ్బాలో ఒక స్ఫటికం ఉంటుంది. కిరణం తగిలినప్పుడల్లా అందులో చిన్న మెరుపు పుడుతుంది. ఆ మెరుపులను యంత్రం లెక్కపెడుతుంది. వేడి పెరిగితే మెరుపు మారిపోతుంది, లెక్క జారుతుంది. ఉగాది తర్వాత ప్రతి మధ్యాహ్నమూ లేచిన కొండ అదేనన్నాడు. ఆదివారాలు కొండ లేదు, ఎందుకంటే ఆనాడు కొలిమి ఉండదు. అందుకే ఈమధ్య యంత్రానికి ఒక సవరణ నేర్పాడు. వేడి పెరిగినకొద్దీ ఇంత చొప్పున లెక్కలోంచి తీసెయ్యమని. అప్పటినుంచి గీత నున్నగా అయింది. గంట మోగడం మానేసింది.

చెప్తుంటే అతని గొంతులో బిడ్డను చూపించుకునే తండ్రి గొంతు పలికింది. సుధకు ఒక్క క్షణం జాలేసింది.

"నిన్నటిది సూపెట్టుండ్రి."

అతను వెంటనే చూపించలేదు. ఆ ఆలస్యమే ఆమెకు జవాబు. చివరికి వేలితో తెర జరిపాడు. నిన్న మధ్యాహ్నందాకా నున్నగా వచ్చిన గీత ఒక్కసారిగా తెగినట్టు కిందికి పడింది. అక్కడినుంచి ఎండ ఎంత పెరిగితే అంత, తెర మీది అడ్డగీతను కూడా దాటి కిందికి దిగింది.

"గీ అడ్డగీత ఏంది సారు?"

"నేల, రాళ్ళు, ఆకాశం. ఇవన్నీ ఎప్పుడూ కొంచెం కిరణాలు ఇస్తనే ఉంటయి. ఎక్కడికి పోయినా అంత ఉంటది. అంతకంటె తక్కువ ఉండదు."

"మరి నిన్న మద్యాన్నం నుంచి అంతకంటె తక్కువుంది గద."

"సవరణ కొంచెం ఎక్కువైంది. సర్దుతున్న."

"మొన్నటిదాంక సరిపోయింది నిన్న ఎట్ల ఎక్కువైతది? ఎండ మొన్న గంతే ఉండె, కొలిమి గంతే మండుతుండె."

దివాకర్ మళ్ళీ తెర వైపు తిరిగాడు. నిన్నటినుంచి తనను తాను అడుగుతున్న ప్రశ్న అదేనని అతని ముఖం చెప్పింది. సుధ గొంతు తగ్గించింది. ఎదుటి మనిషి పడిపోయేచోట ఆమె ఎప్పుడూ గొంతు పెంచదు.

"సారు, ఉన్నదాన్నుంచి తీసేస్తే సరిపాయె. లేనిదాన్నుంచి తీసేస్తే గిట్ల అప్పు పడ్డది. నిన్న మద్యాన్నందాంక ఈడ ఏదో ఉండె. మీరు గదాన్నే ఎండ అనుకున్నరు."

గేటు బయట లారీ ఒకటి హారన్ కొడుతోంది. ఎవరూ కదల్లేదు. నిన్న మధ్యాహ్నం ఇక్కడినుంచి పోయినవి ఏమిటో సుధ కొమురవ్వను మళ్ళీ అడిగింది. కుర్చీ, గొడుగు, గొంగడి, రంజన్ అంది కొమురవ్వ. సుధ చూపు నేలమీది చెమ్మ మరక మీద పడింది. ఆదివారం కొలిమి ఉండదు. నిజమే. కానీ ఆదివారం తాగేవాళ్ళు కూడా ఉండరు. రంజన్ నిండుగానే ఉంటుంది.

"కొమురవ్వా, గుడ్ ఫ్రైడే నాడు పొద్దుగాల రంజన్ల నీళ్ళు ఎవలు పోసిండ్రు?"

"ఎవలు పోత్తరు? యోహాను రాకపాయె. రాత్రి డ్యూటీ పోరగాండ్లు మొత్తం తాగిపోయిండ్రు. నేను అచ్చుడచ్చుడే గిలాస ముంచితే అడుగు గీక్కున్నది. గప్పుడే పైన గంట మోగబట్టె, గుండె గుభేలుమన్నది."

రంజన్ నిండితే గంట ఊరుకుంటుంది. ఖాళీ అయితే మోగుతుంది. రోజూ మధ్యాహ్నం ఖాళీ అయింది, మోగింది. ఆ శుక్రవారం తెల్లవారకముందే ఖాళీ అయింది, అప్పుడే మోగింది. ఎండ నేరం ఎక్కడా లేదు. రంజన్ అడుగంటడమూ ఎండ ముదరడమూ రోజూ ఒకే వేళకు జరిగాయి కాబట్టి, చదువుకున్న మనిషి కూడా ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకున్నాడు. అతను పొద్దున్నే మీటరు పట్టుకుని తిరిగినప్పుడు రంజన్ అంచుదాకా నిండి ఉంది.

"నీళ్ళు కిరణాలను ఆపుతయా సారు?"

"ఆపుతయి." దివాకర్ ల్యాప్‌టాప్ పక్కన పెట్టాడు. "గంత పెద్ద రంజన్ నిండుగ ఉంటే చాలావరకు ఆపుతది. కని కిరణం కిందికెల్లి రావాలె. రంజన్ దేనిమీద పెట్టిండ్రు?"

జవాబు కొమురవ్వ చెప్పింది. ఉగాదికి వచ్చిన తుక్కులో ఒక నల్లటి ఇనుప దిమ్మ దొరికిందట. చూడ్డానికి చిన్నదే గానీ ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేదట. ఇంత బరువైన పీట ఉంటే లారీ తగిలినా రంజన్ కదలదని యోహాను మురిసిపోయాడట. పక్కన పిడి ఒకటి పొడుచుకొచ్చి, దిమ్మ సరిగ్గా ఆనకపోతే, సుత్తితో కొట్టి ఆ పిడిని అవతలికి మడిచేశాడట.

దివాకర్ కుర్చీలోంచి లేచి నేలమీది అచ్చు దగ్గరికి వచ్చాడు. ఆ పిడి లోపలి తలుపుదని చెప్పాడు. అది తిరిగితే సీసంలో సందు తెరుచుకుంటుంది. గొట్టం ఎక్కడికీ పోలేదు. ఎవరూ తీయలేదు, అమ్మలేదు. అందరూ పెన్సిలు ముక్క ఫోటో పట్టుకుని వెతికారు. ఆ ముక్కను కడుపులో పెట్టుకున్న దిమ్మను ఎవరూ యోహానుకు చూపించి అడగలేదు. అది అందరి కళ్ళముందే, మనుషులు నీళ్ళు ముంచుకుంటున్నచోటే, సందు ఆకాశం వైపు తెరుచుకుని కూర్చుంది. పైన యంత్రం రోజూ అరిచి చెప్పింది. ఆ అరుపును తీసెయ్యమని తనే దానికి నేర్పాడు.

"నేను దాని నోరు మూసిన మేడమ్," అన్నాడు.

సుధ అతని భుజం మీద చెయ్యి వేసింది. "ఇప్పుడు మీరే దాని నోరు. ఎంత ప్రమాదమో చెప్పుండ్రి."

ఇక్కడ నీళ్ళు ముంచుకున్నవాళ్ళకు పెద్ద భయం లేదన్నాడు. పక్కన నిలబడి క్షణంసేపు వంగారు, అంతే. యోహానుకు మాత్రం రక్తపరీక్షలు చేయించాలి. రోజూ ఖాళీ రంజన్‌లోకి వంగి కడిగింది అతనే. పక్కలకు సీసం అడ్డుంది. కిరణం నిటారుగా పైకి పోతుంది. గంటా రెండు గంటలైతే శరీరం ఓర్చుకుంటుంది. ఒకే మనిషి రోజుల తరబడి దాని పైన ఉంటేనే కష్టం. చిన్నపిల్లలైతే అంతకూడా ఓర్చుకోలేరు.

"గిప్పుడు అది ఎక్కడున్నది? దాని పైన ఏమున్నది?" అని అడిగాడు.

దాని పైన ఏముంది. సుధ చెవుల్లో నిన్న సందెవేళ విన్న చప్పుడు తిరిగి వచ్చింది. కిర్రు, కిర్రు. ఆ చప్పుడు వింటూ తను అన్నం తిన్నది.

వెంటనే ఫోను తీసింది. ముత్తవ్వకు చేయడం ఆమెకు కొత్త కాదు. కానీ అవతల ఎత్తకపోతే ఏమవుతుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. రింగు పోతోంది. ఒకటి ఆగి ఇంకొకటి. దివాకర్ అప్పటికే కారు తాళాలు తీసి, ఇంకో ఫోనులో ఎవరికో, ఆ పదార్థాల సంగతి చూసే అధికారులకు కాబోలు, గబగబా చెప్తున్నాడు. సిరిసిల్లకు ఎంత తోలినా చేరేసరికి చాలా ఆలస్యమవుతుంది.

"ఆ, చెల్లె," అంది అవతల ముత్తవ్వ గుసగుసగా. వెనక ఎక్కడో సాంచాలు టకటకలాడుతున్నాయి. అల్లుడు మరమగ్గాల పని చేసే వీధి అది. ఆ టకటకల మధ్యలో దగ్గరగా, తీరిగ్గా, తొట్టెల తాడు చప్పుడు. "మెల్లగ మాట్లాడు. పొల్ల గిప్పుడే పండుకున్నది."

సుధ గొంతు సర్దుకుంది. భయపడ్డ గొంతు వింటే ముసలిది కాళ్ళూ చేతులూ ఆడక అక్కడే కూలబడుతుంది.

"అక్కా, యోహానన్న రంజన్ ఎక్కడ పెట్టినవు?"

"తొట్టెల కింద. రేకులిల్లు గద, ఉడుకుతున్నది. కింద నీళ్ళుంటే పొల్లకు సల్లగుంటదని పెట్టిన. పీట గూడ తెచ్చిన, అల్లుడు మోయలేక తిట్టుకున్నడు." ముత్తవ్వ చిన్నగా నవ్వింది. "ఆయిన పెట్టిన రంజన్ పాడువెట్టొద్దని."

"అండ్ల నీళ్ళున్నయా?"

"పొద్దుగాల నిండుగుండె. పొల్లకు తానం పోసినం, ఇంట్లకు వాడుకున్నం. గిప్పుడు అడుగున ఉన్నయి. నల్లా అచ్చినంక పోత్త."

కిర్రు, కిర్రు. ముత్తవ్వ మాట్లాడుతూనే ఊపుతోంది. తొట్టెల అటు పోయినప్పుడు ఫరవాలేదు. ఇటు వచ్చినప్పుడు, నడిమికి వచ్చిన ప్రతిసారీ పసిపిల్ల ఆ కిరణానికి ఎదురు పడుతోంది.

"అక్కా, నేను చెప్పినట్టు చెయ్యి. ఎందుకు అని తర్వాత అడుగు. తొట్టెల నువ్వున్న దిక్కుకే గుంజి పట్టు. పొల్లను ఎత్తుకో. సౌమ్యను పిలువు. ఇంట్ల ఉన్నోళ్ళందరు బయటికి రాండ్రి. రంజన్ ముట్టకుండ్రి, పీట ముట్టకుండ్రి."

"లేపితే ఏడుస్తది చెల్లె. రాత్రంత పండలే."

"ఏడ్వనియ్యి."

తాడు చప్పుడు ఆగిపోయింది.

సుధ ఫోనును చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది. ఫోను ఎక్కడో పెట్టినట్టున్నారు. బట్ట రాసుకున్న చప్పుడు. ముత్తవ్వ కూతుర్ని పిలుస్తున్న గొంతు, గిన్నె ఏదో దొర్లిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఫోను పోయిందేమోనని తెర చూసుకుంది. పోలేదు. దివాకర్ కారు తలుపు తెరిచి పట్టుకుని ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

అప్పుడు వచ్చింది ఏడుపు. నిద్ర చెడిన పసిపిల్ల ఏడుపు, ఊరంతటి మీదా కోపంతో, గొంతు చించుకుని. మొదట గదిలోంచి గింగురుమంటూ వచ్చింది. తర్వాత గడప దాటింది. తర్వాత సాంచాల టకటకలో కలిసి, వాటికంటే పైకి లేచి, వీధిలో ఎవరెవరివో గొంతులు చుట్టూ మూగాయి. ముత్తవ్వ రొప్పుతూ ఫోను అందుకుంది.

"బయటికచ్చినం చెల్లె. ఏమైంది? ఆయినకేమన్న అయిందా?"

"ఏం కాలే అక్కా. అన్న దొంగ కాదని తేలింది. ఇంక దూరం పోండ్రి, వీధి చివరిదాంక. పక్కింటోళ్ళను గూడ తోలుకపోండ్రి. మేం అస్తున్నం."

వెనక ఏడుపు ఇంకా సాగుతోంది. అంత గట్టి ఏడుపు వినడం సుధకు ఎన్నడూ అంత హాయిగా అనిపించలేదు. కారు ఎక్కుతూ జలపతికి కబురు పంపించింది. యోహానును ఆసుపత్రికి తీసుకుపొమ్మంది. సిరిసిల్ల చేరాక ఫోన్ చేస్తానని అతనికి చెప్పమంది. కారు గేటు దాటుతుంటే స్తంభం మీది డబ్బా నోరెత్తలేదు. దాని కింద ఇప్పుడు ఏమీ లేదు.

ముత్తవ్వ ఫోను మాత్రం సుధ పెట్టేయలేదు. చెవికి ఆనించుకునే ఉంది. ఏడుపు కాస్త సన్నగిల్లగానే అవతల ముత్తవ్వ అంటున్న మాట వినపడింది.

"ఓ సౌమ్యా, నీ పెనిమిటి ఏడి? గిప్పటిదాంక మనెన్కనే ఉండె గద."

సౌమ్య గొంతు దూరంనుంచి వచ్చింది. నాయిన రంజన్ ఇంట్లనే ఉన్నదని, దాన్ని తెస్తానని మళ్ళీ లోపలికి పోయిండంటోంది.